ప్రాథమికోన్నత తరగతుల విజ్ఞానపాఠము – తెలుగు వచనము : కొల్లేటి సీమ ఆధారముగ ఒక విమర్శ

1

తెలుగు వచనమును గూర్చిన విమర్శ నవల, కథానిక, వ్యాసము, స్వీయచరిత్ర మొదలగు ప్రక్రియల నాశ్రయించి సాగినది. ఆ విమర్శ సమృద్ధమైనది. కాని బడికి వెళ్ళిన ప్రతి తెలుగువాడును బాల్యమున చదివియుండు వచనము వీనిలో ఏదియు కాదు. అది పాఠ్యపుస్తక వచనము. సాహిత్యవిమర్శకుడు దానిని విద్యాశాస్త్రజ్ఞునకు విడిచిపెట్టినాడు. విద్యాశాస్త్రజ్ఞుడు అందలి విషయమును పరీక్షించి, వాక్యమును విడిచిపెట్టినాడు. ఇట్లు ఇరువురి నడుమ నిలిచిపోయిన ఈ వచనమున ఆరవ, ఏడవ, ఎనిమిదవ తరగతుల విజ్ఞానపాఠమును ఈ వ్యాసమందు పరిశీలింప నెంచితిని.

ఈ తరగతులనే గైకొనుటకు కారణము కలదు. అయిదవ తరగతి వరకు పరిసరములను గూర్చిన పాఠము బాలునికి తెలిసిన మాటలతోనే నడచును. ఉన్నత తరగతులకు చేరిన పిమ్మట పరిభాష స్థిరపడి, సూత్రమును సమీకరణమును ప్రధానములగును. నడుమనున్న ఈ మూడేండ్లలో ఇంటిమాట శాస్త్రపుమాటగ మారును. ‘పని’, ‘బలము’, ‘బరువు’, ‘శ్వాస’, ‘కరగుట’ అనునవి బాలుడు తనతో బడికి తెచ్చుకొన్న మాటలే. బడి వానికి కొత్త అర్థము నిచ్చి పంపును. ఈ మార్పు జరుగు చోటు వాక్యము. వాక్యము చెడినచో ప్రయోగశాల ఎంత గొప్పదైనను పాఠము నిలువదు.

పరిశీలనకు క్షేత్రముగ ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి సీమను గ్రహించితిని. గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ పల్లమున ఏర్పడిన మంచినీటి సరస్సు, అందులోనికి వచ్చు బుడమేరు, తమ్మిలేరు, అందుండి సుమారు 60 కిలోమీటర్లు పారి సముద్రమున కలియు ఉప్పుటేరు, గట్లు కట్టిన చేపల చెరువులు, రొయ్యల చెరువులు, తాడేపల్లిగూడెమునకు ఎగువనున్న మెట్ట – ఇన్నియు ఒక్కచోట అమరిన సీమ ఇది. ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు విజ్ఞానపుస్తకమున వచ్చు అంశములలో పెక్కింటికి ఇచ్చట ఊరిలోనే ఉదాహరణము దొరకును.

విజ్ఞానపాఠము బాలునికి కొరుకుడు పడకుండుటకు పారిభాషికపదముల కాఠిన్యమే కారణమని లోకవాదము. నా పరిశీలనలో ప్రధానదోషము పదములందు లేదు. పదము వచ్చు క్రమమందును, దానిని మోయు వాక్యమందును ఉన్నది. ఇంటిమాటకును శాస్త్రపుమాటకును నడుమనున్న గట్టు ఎచ్చటనో చూపక దాటిపోవు వాక్యమే బాలుని తప్పుదారి పట్టించుచున్నది. ఈ విషయమును కొన్ని ఉదాహరణములతో నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

2

తెలుగున విజ్ఞానవచనము కొత్తది కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు నవలలు, ప్రహసనములతో పాటు శరీరశాస్త్రమును, జ్యోతిశ్శాస్త్రమును గూర్చియు తెలుగున గ్రంథములు రచించిరి. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారును, మిత్రులును హైదరాబాదున స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రగ్రంథములతో పాటు ప్రకృతిశాస్త్ర గ్రంథములను వెలువరించినది. ఆచంట లక్ష్మీపతిగారి ‘జీవశాస్త్రము’ ఆ వరుసలోనిది. ఆ రచయితలకు ఒక సౌకర్యము ఉండెను. వారి పాఠకుడు వయసు వచ్చినవాడు. తెలిసికొనవలెనను కోరికతో పుస్తకమును చేతబట్టినవాడు. పదునొకండేండ్ల బాలుడు అట్టివాడు కాడు. అతనికి పుస్తకము ఇయ్యబడును, పరీక్ష పెట్టబడును.

గిడుగు రామమూర్తి పంతులుగారు 20వ శతాబ్ది ఆరంభమున లేవనెత్తిన భాషావాదము మూలమున పాఠశాలను గూర్చినదే. బాలుడు మాటలాడు భాషకును, చదువు భాషకును నడుమ అగాధము ఉండరాదని వారి వాదము. కాలక్రమమున ఆ వాదము జయించినది. కాని జయించిన వాదము పాఠ్యపుస్తకమున క్రియాపదముల తుదలను మార్చినంతగా వాక్యనిర్మాణమును మార్చలేదు. ‘చేయుచున్నది’ ‘చేస్తున్నది’ అయినది. వాక్యము మాత్రము పూర్వమువలెనే పండితవాక్యముగ మిగిలినది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి ఉన్నతవిద్యకు కావలసిన పరిభాషను సమకూర్చుటలో గొప్ప సేవ చేసినది. పై తరగతులకు సిద్ధమైన పరిభాష కింది తరగతులకును దిగివచ్చినది. దానిని బాలునికి అందించు వచనము మాత్రము అట్లు సిద్ధము కాలేదు. మహీధర నళినీమోహన్ (1933–2005) వంటి రచయితలు అట్టి వచనము తెలుగున సాధ్యమేయని పత్రికలలోను, విడిపుస్తకములలోను చూపిరి. విజ్ఞానపాఠ్యపుస్తకపు వాక్యమును ఆ మార్గము పెద్దగ తాకలేదు.

3

మొదట ‘కరగుట’ అను మాటను తీసికొందము. ఉప్పు నీటిలో కరగును. మంచుగడ్డ ఎండకు కరగును. తెలుగున రెండింటికిని ఒకే క్రియ. శాస్త్రమున ఇవి వేరువేరు మార్పులు. మొదటిదానికి రెండవ పదార్థము కావలెను. అందు ఉప్పు ద్రవము కాలేదు, నీటిలో విడిపోయి కలిసినది. రెండవదానికి వేడి చాలును. అందు ఘనము ద్రవమైనది. పాఠ్యపుస్తకము రెండవదానికి ‘ద్రవీభవనము’ అను పేరును, మొదటిదానికి ‘ద్రావణము’ అను మాటను ఇచ్చును. ఈ రెండు పదములు ‘ద్రవ’ శబ్దమునకు బంధువులే యగుటచేత బాలునికి తికమక తగ్గక హెచ్చును. పంచదార నీటిలో ‘ద్రవమైపోయినది’ అని బాలుడు వ్రాసినచో ఆ తప్పు అతని బుద్ధిది కాదు, పదముల వంశవృక్షముది.

కాని తెలుగు భాష ఈ భేదమును ఎరుగని భాష కాదు. భేదము క్రియయందు లేకున్నను విభక్తియందు ఉన్నది. ఉప్పు నీళ్ళ‘లో’ కరగినది. మంచు వేడి‘కి’ కరగినది. ఒకటి అధికరణము, ఒకటి హేతువు. తెలుగుబాలుడు నాలుగేండ్ల వయసుననే ఈ ప్రత్యయభేదమును తప్పు లేక వాడును. ఉపాధ్యాయుడు ఈ రెండు వాక్యములను నల్లబల్లపై వ్రాసి, ‘దేనిలో కరిగింది? దేనికి కరిగింది?’ అని అడిగినచో శాస్త్రభేదము బాలుని నోటినుండియే వెలువడును. పిమ్మట ‘వెన్న వేడినీళ్ళలో కరిగింది’ అను వాక్యము నిచ్చి, ఇది ఏ కోవకు చెందునని ప్రశ్నింపవలెను. ఇచ్చట ‘లో’ ఉన్నను వెన్న నీటిలో కలియలేదు, పైకి తేలినది, కరగించినది వేడి. వ్యాకరణము చూపిన దారి ఎంతవరకు వచ్చునో, ఎచ్చట ప్రయోగము అవసరమగునో ఈ ఒక్క ఉదాహరణమున తేటపడును. ఇంతయు జరిగిన పిమ్మట ‘ద్రవీభవనము’ అను పేరు చెప్పినచో అది బరువు కాదు.

దీనికి విలోమమైన స్థితియు కలదు. శాస్త్రమున ఒక్క పేరున్నచోట తెలుగున పెక్కు మాటలుండును. బట్ట ఆరును. గడ్డి ఎండును. కూర ఇగురును. చెరువు ఇంకును. నీరు తరుగుట వీనియన్నింటను సమానము. పాఠ్యపుస్తకము వీనిని పలుకరింపక ‘బాష్పీభవనము’ అను శీర్షికతో పాఠము నారంభించును. ఆ శీర్షికను కొంచెము వెనుకకు నెట్టి, ‘ఈ నాలుగింటిలో నీరు ఎటు పోయింది?’ అని మొదట అడిగినచో ఏమగును? ఆరుట, ఎండుట, ఇగురుట – మూడింటను నీరు ఆవిరియై పైకి పోయినది. ఇంకుటలో మాత్రము నేలలోనికి దిగినది. బాలుడు తన మాటలను తానే వర్గీకరించుకొన్నాడు. వర్గీకరణము విజ్ఞానమునకు మొదటి మెట్టు.

ఈ వర్గీకరణము కొల్లేటి సీమలో మాటలతో ముగిసిపోదు. వేసవిని చెరువు నీరు తగ్గును. అందు ఆవిరియైనదెంత, ఇంకినదెంత? చెరువుగట్టున ఒక వెడల్పాటి పళ్ళెములో నీరు పోసి, పశువులు ముట్టకుండ దడి కట్టి, ప్రతిదినము మట్టమును కొలిచినచో ఆవిరియగు నీటి పరిమాణము ఇంచుమించుగ తెలియును. పళ్ళెములో ఇంకుటకు నేల లేదు. వానయు, తూము నీరును లేని దినములలో చెరువున తగ్గిన మట్టమునుండి పళ్ళెములో తగ్గిన మట్టమును తీసివేసినచో మిగిలినది స్థూలముగ ఇంకుడు. కావలసిన పరికరములు ఒక పళ్ళెము, ఒక స్కేలు, ఒక కఱ్ఱ. వాతావరణశాఖవారు ఆవిరిని కొలుచు పద్ధతియు మూలమున ఇట్టిదే. ఈ ప్రయోగమునకు దారి తీసినది ‘ఇంకుట’ అను దేశ్యక్రియ. ‘బాష్పీభవనము’ అను పదము తనంత తాను దీనికి దారి తీయదు.

4

ఇక ‘శ్వాస’. ఇంటిమాటలో శ్వాస యనగా ముక్కుతో గాలి పీల్చి విడుచుట. శాస్త్రమున శ్వాసక్రియ యనగా జీవకణమున ఆహారమునుండి శక్తి వెలువడుట. సాధారణముగ దానికి ఆక్సిజన్ వినియోగమగును. మొదటిది కానవచ్చునది, రెండవది కానరానిది. పుస్తకములందు మొదటిదానికి ‘ఉచ్ఛ్వాసనిశ్వాసములు’ అను పేరున్నను, రెండు పేర్లలోను ‘శ్వాస’ యుండుటచేత బాలుడు ముక్కునుండి కదలడు. చెట్టునకు ముక్కు లేదు గనుక చెట్టు శ్వాసించునన్న మాట అతనికి కవిసమయమువలె తోచును.

దీనికి తోడు మన వచనమునకు సహజమైన సమతాప్రీతి ఒకటి కలదు. ‘పగలు మొక్కలు ఆక్సిజన్ విడుచును, రాత్రి కార్బన్ డయాక్సైడ్ విడుచును’ అను రీతి వాక్యము చెవికి ఇంపుగ నుండును. రెండు పాదములు తూగును. విన్నవాడు ‘పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ’ అని వంతులు పంచుకొనును. ఇది తప్పు. మొక్క పగలును, రాత్రియు శ్వాసక్రియ జరుపుచునే యుండును. పగటివేళ వెలువడు ఆక్సిజన్ వినియోగమైనదానికంటె హెచ్చు గనుక మిగులు బయటికి వచ్చును, అంతియే. ఇచ్చట తప్పు శాస్త్రజ్ఞానమునకు చెందినది కాదు, వాక్యాలంకారమునకు చెందినది. దీనిని పట్టుకొనవలసినవాడు విమర్శకుడే.

కొల్లేటి సీమ బాలునికి ఈ పాఠము ఇంటివద్దనే జరుగుచున్నది. ముసురు పట్టిన రాత్రి చెరువు కాపలాదారుడు ‘మబ్బేసింది, తెల్లారగట్ల చేప తేలుద్దేమో చూడాలి’ అని అనుకొనుట ఈ ప్రాంతమున సహజము. రొయ్యల చెరువులలో రాత్రులందు ఏరియేటర్లు తిరుగు ధ్వని గట్లవెంట వినబడుచుండును. చేప తెల్లవారుజాముననే ఏల తేలును? మబ్బు పట్టిన మరునాడు ఏల హెచ్చుగ తేలును? ఇదే చెరువున బొచ్చె నోరు తెరచి కొట్టుకొనుచుండ, కొర్రమీను ఏల బ్రదికి యుండును? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ అను రెండు పాఠములలోనే ఉన్నది. పాఠము చదివిన బాలుడు ఆ సమాధానమును చెప్పలేకున్నచో పాఠము అతనికి చేరలేదనియే అర్థము.

పాఠ్యపుస్తకములలో సాధారణముగ కనబడు నిర్వచనవాక్యపు స్వరూపమునకు నేను ఒక మచ్చు కట్టి చూపుచున్నాను: ‘సూర్యకాంతి సమక్షంలో పత్రహరితం కలిగిన మొక్కలచే కార్బన్ డయాక్సైడ్ మరియు నీటిని ఉపయోగించి ఆహారం తయారుచేయబడే ప్రక్రియను కిరణజన్య సంయోగక్రియ అంటారు.’ ఇందు విషయదోషము లేదు. కాని బాలుడు సూర్యకాంతిని, పత్రహరితమును, మొక్కను, వాయువును, నీటిని, ఆహారమును వరుసగ మోసికొనుచు, వీనికెల్ల ఆశ్రయమైన ‘ప్రక్రియ’ అను పదము కొరకు తుదివరకు ఎదురుచూడవలెను. ఆంగ్లమున నిర్వచింపబడు పదము మొదట వచ్చి, విశేషణవాక్యములు దాని వెనుక చేరును. తెలుగున విశేషణము విశేష్యమునకు ముందే రావలెను. కావున ఆంగ్లవాక్యమును ఉన్నదున్నట్లు తెలుగు చేసినచో భారము రెట్టింపగును. ఇది తెలుగు లోపము కాదు. తెలుగు వాక్యపు నడకను గమనింపని అనువాదపు లోపము.

ఈ విషయమునే బాలునికై ఇట్లు చెప్పవచ్చును:

‘చెరువులో నీరు పచ్చగా ఉంది. ఆ పచ్చదనం కంటికి ఆనని నాచుది. ఎండ ఉన్నంతసేపూ ఆ నాచు నీటిని, నీటిలో కలిసి ఉన్న కార్బన్ డయాక్సైడును తీసుకుని తన ఆహారం తయారుచేసుకుంటుంది. ఆ పనిలో ఆక్సిజన్ పుట్టి నీటిలో చేరుతుంది. పొద్దుగూకాక ఈ పని ఆగిపోతుంది. కాని నాచూ, చేపలూ, అడుగున కుళ్ళే చెత్తను పట్టుకుని ఉన్న సూక్ష్మజీవులూ పగలూ రాత్రీ కూడా ఆక్సిజన్ను వాడుకుంటూనే ఉంటాయి. అయితే నీటిలో ఆక్సిజన్ ఏ వేళకు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది?’

ఇందు నిర్వచనము లేదు. ప్రశ్న ఉన్నది. సమాధానము చెప్పిన పిమ్మట బాలునికి ‘ఎండలో జరిగే ఆ పనికి కిరణజన్య సంయోగక్రియ అని పేరు, ఎల్లవేళలా జరిగే రెండో పనికి శ్వాసక్రియ అని పేరు’ అని చెప్పవలెను. అప్పుడు ‘కిరణజన్య’ అను మాట ఎంత చక్కనిదో బాలుడే గుర్తించును. కిరణము లేనిచో ఆ పని లేదని పేరే చెప్పుచున్నది. కొర్రమీను నీటి పైకి వచ్చి గాలిని నేరుగ మ్రింగగలదు. బొచ్చె మొప్పలతో నీటిలోని ఆక్సిజన్ పైననే ఆధారపడును. చెరువును కప్పివేసిన గుర్రపుడెక్క మొక్కయే అయినను నీటికి మేలు చేయదు. దాని ఆకులు గాలిలో నున్నవి, దాని నీడ కింది నాచునకు ఎండ దక్కనీయదు. ఈ రెండు అంశములును పాఠమునకు అనుబంధప్రశ్నలుగ నిలుచును.

5

పదములను గూర్చియు కొంత చెప్పవలసియున్నది. సంస్కృతపదములు కఠినములు, ఆంగ్లపదములు సులభములు అని ఒక వర్గము. ఆంగ్లపదమే రారాదని మరియొక వర్గము. మన సీమలోని వాడుక ఈ రెండింటిని సమర్థింపదు. పూర్వము ఆక్సిజనుకు ‘ఆమ్లజని’, హైడ్రోజనుకు ‘ఉదజని’, నైట్రోజనుకు ‘నత్రజని’ అను పేర్లు ఒక్క అచ్చున పోసినట్లు పుట్టినవి. నేడు రైతు నోట ‘నత్రజని, భాస్వరం, పొటాష్’ అను మాటలు అలవోకగ వచ్చును. ‘ఆమ్లజని’ మాత్రము కాలగతిని కనుమరుగైనది. రెండును ఒకే తీరున కూర్చిన సంస్కృతసమాసములే. కాఠిన్యమే కారణమైనచో రెండును పోవలెను. నత్రజనికి ఎరువులబస్తా ఆశ్రయమైనది. ఆమ్లజనికి అట్టి ఆశ్రయము దొరకలేదు. పైగా ‘ఆమ్లజని’ యందు ఒక చారిత్రకదోషము ఇమిడియున్నది. ఆమ్లములన్నిటికి ఈ వాయువే మూలమని లావోయిజియే భ్రమించి పెట్టిన పేరునకు అది అనువాదము. ఆ భావము తప్పని 19వ శతాబ్ది ఆరంభముననే డేవీ పరిశోధనలు తేల్చినవి. మూలపదపు పొరపాటునుకూడ మనము భక్తితో తెలుగు చేసికొంటిమి.

భాస్వరము ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి భాస్వరమును నీలిరంగు గాఢతను బట్టి కొలుచునది. కంటికి కానరాని పరిమాణమును రంగుగ మార్చి చూచుట అను ఆ భావము ఎనిమిదవ తరగతికి మించినది కాదు. పసుపునీటిలో సున్నము కలిపినపుడు ఎఱ్ఱబారుటను చూచిన బాలుడు ఆ భావపు వాకిటనే నిలిచియున్నాడు. ఈ ప్రాంతపు బాలునికి సుబ్బారావుగారిని జీవితచరిత్రపాఠమున మాత్రమే పరిచయము చేసి, విజ్ఞానపాఠమున మరచుట తగదు.

ఆంగ్లపదమునకు ‘కాంటూరు’ ఉదాహరణము. 1999లో కొల్లేరును వన్యప్రాణుల అభయారణ్యముగ ప్రకటించినపుడు అయిదవ కాంటూరు వరకు, అనగా సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తుగీత వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు అందు చేరినవి. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒప్పందపు జాబితాకు ఎక్కినది. 2006లో ఆ గీతకు లోబడిన చేపల చెరువుల గట్లను ప్రభుత్వము త్రెంచివేయించినది. నాటినుండి ‘అయిదో కాంటూరు’ అను మాట లంకగ్రామముల ఇంటింట వినబడు మాటయైనది. అది కొందరికి భూమి, కొందరికి పక్షి, కొందరికి తగవు. అట్టిచోట ‘సమోన్నతరేఖ’ అను కొత్తపదముతో పాఠము నారంభించుట అనవసరము. ఉన్నపదమునకు అర్థమును స్పష్టము చేయుటయే కర్తవ్యము. నిలుకడగనున్న సరస్సు నీటి అంచు చుట్టును ఒకే ఎత్తున ఉండును. నీరు అయిదడుగుల ఎత్తునకు చేరి కదలక నిలిచినచో ఆ అంచే అయిదవ కాంటూరు. ఇంతకంటె తేటయైన నిర్వచనము పటమును చూచి చెప్పలేము. ఇంటిలో కోపముతో పలుకబడు మాట బడిలో కొలతగ మారును. తగవును గూర్చి తనంత తాను ఆలోచించుటకు బాలునికి అది తొలి సాధనమగును.

6

పరిసరములనుండి విజ్ఞానమునకు పోవుట నా కల్పన కాదు. ఇంగ్లండున హక్స్లీ 1869లో ఇచ్చిన ఉపన్యాసములు 1877లో ‘ఫిజియోగ్రఫీ’ అను గ్రంథముగ వెలువడినవి. ఆ గ్రంథము భూగోళపు నిర్వచనముతో ఆరంభము కాదు. లండను వంతెనవద్ద థేమ్స్ నదితో ఆరంభమగును. శ్రోతలు ప్రతిదినము చూచు నదినుండి ఊట, వాన, ఆవిరి, వాయువులు, భూమి పొరల వరకు అది సాగిపోవును. ఆ రచన నది చరిత్ర కాదు, విజ్ఞానగ్రంథమే. స్థానికము ఆరంభమే గాని అవధి కాదనుటకు అది నిదర్శనము. మన ఉప్పుటేటినుండి అట్టి గ్రంథము నారంభింపవచ్చును. వరదలలో కొల్లేటి నీటిని సముద్రమునకు మోసికొనిపోవు ఏరే వేసవిని పోటుతో ఉప్పునీటిని వెనుకకు తెచ్చుట అనునది మట్టము, పీడనము, లవణత అను మూడు పాఠములకు మూలము.

మన దేశమున మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లాయందు 1972లో 16 మాధ్యమిక పాఠశాలలలో ఆరంభమైన విజ్ఞానబోధనోద్యమము 1978లో జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నింటికి విస్తరించినది. అందు పిల్లలు జట్లుగ కూర్చుండి ప్రయోగము చేసి, చూచినదానిని తమ మాటలలో వ్రాసి, చర్చించి, పిమ్మట నిర్ణయమునకు వత్తురు. 1982లో ఏర్పడిన ‘ఏకలవ్య’ సంస్థ ఆ పనిని మోసినది. 2002లో ప్రభుత్వము దానిని నిలిపివేసినది. ముప్పదియేండ్ల ఆ అనుభవమునుండి మనము గ్రహింపవలసినది ఒకటి. పద్ధతి ఎంత మంచిదైనను పరీక్ష, పుస్తకము, ఉపాధ్యాయశిక్షణ అను మూడింటిని ఒక్క త్రాట కట్టనిచో నిలువదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రము పాఠశాలాజ్ఞానమును వెలుపలి జీవితముతో ముడివేయవలెనని నొక్కి చెప్పినది. ముడి వేయు త్రాడు భాష యని మాత్రము మనము చేర్చుకొనవలెను.

7

ఇచ్చట కొన్ని ఆక్షేపణలకు సమాధానము చెప్పవలెను. మొదటిది: ఆంధ్రప్రదేశమున 2020–21 విద్యాసంవత్సరమునుండి ఒక పుట ఆంగ్లము, ఎదుటిపుట తెలుగుగ ద్విభాషాపాఠ్యపుస్తకములు వచ్చినవి, తాడేపల్లిగూడెమున 2015లో నెలకొన్న జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో ప్రవేశము కోరు బాలునికి ఆంగ్లమే శరణ్యము, ఇక తెలుగు వాక్యమును గూర్చి ఈ తర్జనభర్జన ఏల? ఈ ఆక్షేపణము తేలికగ త్రోసివేయదగినది కాదు. తండ్రులు ఆంగ్లమును కోరుట అవివేకము కాదు. బ్రదుకుతెరువు అటువైపున్నదని వారెరుగుదురు. కాని ద్విభాషాపుస్తకమున తెలుగుపుట ఏ కార్యము చేయవలెను? ఆంగ్లపుట అర్థము కానపుడు ఆశ్రయము కావలెను. అది ఆంగ్లవాక్యమునకు నీడగ మాత్రమే ఉన్నచో, అచ్చట తెలియనిది ఇచ్చటను తెలియదు. ఎదురెదురు పుటలు ఒకే పేరాలను, ఒకే బొమ్మలను పాటింపవలెనను నియమము తెలుగు వాక్యమునకు సంకెల వేయును. ఒకే విషయమును రెండు భాషలు తమ తమ నడకలతో చెప్పినపుడే బాలునికి ఆ రెండింటి నడుమ విషయము కానవచ్చును.

రెండవది: రాష్ట్రమంతటికిని ఒకే పుస్తకము కావలెను, కొల్లేటి చెరువు అనంతపురపు బాలునికి ఏమగును? నిజమే. కాని ‘ఇంకుట, ఆరుట, ఇగురుట’ కొల్లేటివి కావు, తెలుగువి. విభక్తిభేదము అన్ని జిల్లాలకును సమానము. పుస్తకము భాషాక్రమమును చూపవలెను. ఉదాహరణమును ఉపాధ్యాయుడు తన ఊరినుండి తెచ్చుకొనుటకు చోటు విడువవలెను. అనంతపురమున ఇంకుడుగుంట, విశాఖపట్టణమున కెరటము ఆ చోటిని నింపును.

మూడవది: ఇట్టి బోధనకు కాలము చాలదు. నిర్వచనము కంఠస్థము చేయించుటకు పట్టు కాలమును, ప్రతి యేడు దానినే మరల చెప్పుటకు పట్టు కాలమును కలిపి లెక్కించినచో ఈ మాట నిలువదని నా తలంపు.

ఇది కేవలము విద్యాచర్చ కాదనుటకు ఒక సంఘటన చాలును. 2020 డిసెంబరులో ఏలూరున 600 మందికి పైగా ప్రజలు అకస్మాత్తుగ మూర్ఛ, తలతిరుగుడు, వాంతులు మొదలగు లక్షణములతో ఆసుపత్రి పాలైరి. వారిలో పెక్కుమంది త్వరలోనే కోలుకొనిరి. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ పరీక్షలలో రోగుల రక్తమున సీసము, నికెలు కనబడినవి. పిదప నిపుణుల దృష్టి పురుగుమందుల అవశేషములపైకి మరలినది. ఆ దినములలో సామాన్యగృహస్థుడు వార్తాపత్రికయందు ‘నమూనా’, ‘అవశేషము’, ‘భారలోహము’, ‘పరిమితికి మించి’ అను మాటలను చదివెను. ఇవి పండితపరిషత్తు మాటలు కావు; కొళాయి నీరు త్రాగవచ్చునా, సంతలో కూర కొనవచ్చునా అను ప్రశ్నకు సంబంధించిన మాటలు. ఒక నమూనాలో ఒక పదార్థము కనబడుట వేరు, అదియే రోగకారణమని తేలుట వేరు. ఈ భేదమును తెలియనివానికి వదంతియు, పరీక్షాఫలితమును ఒక్కటే. ఈ భేదమును బోధింపదగిన వయసు ఎనిమిదవ తరగతి. ఏలయనగా మన పిల్లలలో కొందరికి ఆ పిదప విజ్ఞానపాఠమే ఉండదు.

8

విశ్వవిద్యాలయపు తెలుగు శాఖలు ఈ విషయమున చేయదగిన పని కలదు. పాఠ్యపుస్తకమును వ్రాయుట మన పని కాకపోవచ్చును. దాని వచనమును పరిశీలించుట మన పనియే. ప్రతి విజ్ఞానపాఠమును నాలుగు ప్రశ్నలతో పరీక్షింపవచ్చును. వస్తువు కనబడిన పిమ్మట పేరు వచ్చినదా, ముందే వచ్చినదా? ఇంటిమాటను శాస్త్రార్థమున వాడినపుడు ఆ రెండింటి భేదమును వాక్యము చూపినదా? శాస్త్రభేదమునకు సరిపడు దేశ్యపదము తెలుగున ఉండగా దానిని విడిచినదా? తుదిని అడిగిన ప్రశ్నకు సమాధానము ఆ పుటలోనే దొరకునా, బాలుడు పుస్తకము మూసి వెలుపలకు పోయి చూడవలసియున్నదా?

వీనితో పాటు చెరువు, కాలువ, పొలము, వల, పడవ అను వృత్తులకు సంబంధించిన క్రియాపదములను జిల్లావారీగ సేకరించుట పరిశోధకవిద్యార్థులకు తగిన విషయము. నామవాచకములను సేకరించిన వృత్తిపదకోశములు మనకు కలవు. విజ్ఞానబోధకు నామముకంటె క్రియ మిక్కిలి ఉపయోగించును. ఏది ఎట్లు మారినదో చెప్పునది క్రియయే. అట్టి సేకరణమును ఉపాధ్యాయశిక్షణ కళాశాలలకు అందించినచో పాఠ్యపుస్తకము మారుటకు పూర్వమే పాఠము మారును. ఈ దిశయందు ఏలూరు, కైకలూరు, తాడేపల్లిగూడెముల పాఠశాలోపాధ్యాయులతో కలిసి మొదట ‘నీరు’ అను ఒక్క పాఠమును గూర్చి పని ఆరంభించుట మంచిదని సూచించుచు, విజ్ఞుల అభిప్రాయములను కోరుచున్నాను.